క్యాజువాలిటీలో యాంప్యూళ్లు ఎవరు విరవాలి?

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మాది పల్నాడు జిల్లా నూజెండ్ల మండలం. ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుగా పని చేస్తున్నాను. ఇది జీతం గురించో బదిలీ గురించో రాస్తున్న లేఖ కాదు. క్యాజువాలిటీలో డాక్టరు పని చురుగ్గా సాగాలంటే ఏం కావాలో, అందులో మీ శాఖ చేతిలో ఉన్నదేమిటో చెప్పడానికి రాస్తున్నాను. మీ ఒక్కరికే పంపకుండా బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. క్యాజువాలిటీ బయట బెంచీ మీద కూర్చునేది మా ఊళ్ల జనమే. లోపల ఆలస్యం ఎందుకవుతోందో తెలియక మా సిస్టర్ల మీద కేకలేసేదీ వాళ్లే. ఈ సంగతులు వాళ్లకూ తెలియాలి.

ముందు మా దారి సంగతి చెబుతాను. నూజెండ్ల మండలంలో ఐనవోలు వైపు పల్లెలో ఒక మనిషి రాత్రిపూట పురుగుల మందు తాగాడనుకోండి. ఇంట్లోవాళ్లు ఉప్పునీళ్లు పట్టి కక్కించాలని చూస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుస్తారు. ఆయన వచ్చి సెలైన్ పెడతాడు. తగ్గేలా లేదనిపించాక ఆటోలోనో 108 అంబులెన్సులోనో ఎక్కించి వినుకొండ తీసుకెళతారు. అక్కడ మొదటి సూదులు వేసి నరసరావుపేటకు పంపుతారు. వెంటిలేటర్ అవసరమై అక్కడ ఖాళీ లేదంటే గుంటూరు పెద్దాసుపత్రే గతి. 2005 ఆగస్టు 15న 108 రోడ్డెక్కాక ఈ దారి ఎంతో దగ్గరైంది. ఆ మేలు మా మండలం మరిచిపోదు. అయినా మా మనిషికి సరైన మంచం దొరికేసరికి గంటలు గడిచిపోతాయి. దారిలో పోయిన గంటలు ఎవరూ వెనక్కి తేలేరు. లోపలికొచ్చాక పోయే అరగంట మాత్రం మన చేతిలో ఉంది. నేను మాట్లాడేది ఆ అరగంట గురించే.

క్యాజువాలిటీ ఎలా నడుస్తోందని అడిగితే రోజుకు ఇన్ని కేసులు చూశామని లెక్క చెబుతాం. ఆ లెక్కలో జ్వరానికి మాత్ర తీసుకుని వెళ్లినవాడూ ఒకటే, నురగలు కక్కుతూ వచ్చినవాడూ ఒకటే. అంకె పెరిగితే బాగా పని చేసినట్టు. ఇంగ్లండులో ఇంకో రకం అంకె పెట్టి చూశారు. వచ్చిన రోగిని నాలుగు గంటల్లోపు ఇంటికో వార్డుకో పంపాలన్నారు. కొంత మేలు జరిగింది. అయితే మూడు గంటల యాభై నిమిషాలు దాటగానే ఒక్కసారిగా రోగులు క్యాజువాలిటీ నుంచి కదిలిపోవడం కూడా వాళ్ల రికార్డుల్లోనే తేలింది. ఏ అంకె అడిగితే పని ఆ అంకె చుట్టూ తిరుగుతుంది. అందుకే ఎన్ని కేసులు అన్న ప్రశ్న వదిలి, ప్రాణం మీదికొచ్చినవాడికి మొదటి మోతాదు ఎన్ని నిమిషాల్లో పడింది అని అడగమని నా మనవి.

ఆ నిమిషాలు ఎంత విలువైనవో చెప్పడానికి మన పక్క దేశంలో జరిగిన అధ్యయనం ఒకటుంది. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో పురుగుల మందు తాగి వచ్చినవాళ్లను రెండు జట్లు చేసి వైద్యం చేశారు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. ఒక జట్టుకు పాత పద్ధతిలో విడతవిడతకూ అట్రోపిన్ అనే విరుగుడు మందును ఒకే మోతాదులో వేస్తూ పోయారు. రెండో జట్టుకు కొద్ది నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ వెళ్లి, రోగి ఒడ్డున పడ్డాక సన్నగా సెలైన్‌లో ఎక్కించారు. మందు రెండు జట్లకూ అదే అట్రోపిన్. మొదటి జట్టుకు ఒంట్లో మందు సరిపడా పట్టడానికి సగటున రెండున్నర గంటలు పట్టింది, రెండో జట్టుకు 24 నిమిషాలు. మొదటి జట్టులో నూటికి 22 మందికి పైగా పోయారు. రెండో జట్టులో 8 మంది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. పని చేసే తీరు మారింది, అంతే.

మరి ఆ తీరు మన క్యాజువాలిటీలో ఎందుకు కష్టమవుతోందో ఒక మంచం దగ్గర నిలబడి చూడండి. మనకు సరఫరా అయ్యే అట్రోపిన్ యాంప్యూల్, అంటే మందు నింపిన గాజు బుడ్డి, చిటికెన వేలంత ఉంటుంది. అందులో ఒక మిల్లీలీటరు ద్రవం, 0.6 మిల్లీగ్రాముల మందు. మొదటి మోతాదు 1.8 మిల్లీగ్రాములంటే మూడు యాంప్యూళ్లు. ఐదు నిమిషాలాగి చూస్తాం. తగ్గకపోతే ఆరు. మళ్లీ ఐదు నిమిషాలకు పన్నెండు. ఆ తర్వాత ఇరవై నాలుగు. పావుగంట తిరిగేసరికి నలభై అయిదు యాంప్యూళ్లు. ఒక్కోదాని మెడ మీద వేలితో కొట్టి మందు కిందికి దించాలి, మెడ విరవాలి, సిరంజిలోకి లాగాలి. తొందరలో గాజు పెంకు వేలికి గుచ్చుకుంటుంది. గ్లౌజు చిరుగుతుంది. దూది చుట్టుకుని మళ్లీ విరవాలి.

అదే సమయంలో డాక్టరు చేయాల్సిన పని వేరే ఉంది. స్టెతస్కోపు పెట్టి వీపు అడుగున గురగుర ఆగిందా వినాలి. చంకలో చెయ్యి పెట్టి చెమట ఆరిందా చూడాలి. నాడి ఎనభై దాటిందా, బీపీ నిలబడిందా, ఆవగింజంత ఉన్న కంటిపాప విప్పుకుందా చూసుకోవాలి. అవన్నీ చూసి రెట్టింపు చేయాలో ఆపాలో తేల్చాలి. ఆ తేల్చడం డాక్టరు మాత్రమే చేయగలడు. యాంప్యూల్ విరవడం తర్ఫీదు పొందిన ఎవరైనా చేయగలరు. హాలంతటికీ ఒకే సిస్టర్ ఉండి, ఆమె పక్క మంచం దగ్గర పసిబిడ్డకు నరం వెతుకుతుంటే, యాంప్యూళ్లు విరిచేది డాక్టరే. అప్పుడు ఐదు నిమిషాలకోసారి వేయాల్సిన మోతాదు పదిహేను నిమిషాలకు పడుతుంది. ఎంత చేయి తిరిగిన డాక్టరైనా అంతే. చిట్టగాంగ్‌లో రెండో జట్టుకు దక్కిన ఫలితం పోయి మొదటి జట్టు ఫలితం మిగులుతుంది.

అందుకని మొదటి విన్నపం చిన్నదే. పత్తి, మిర్చి పండే ప్రాంతాల ఆసుపత్రులకు అట్రోపిన్‌ను ఒక మిల్లీలీటరు యాంప్యూళ్లలో కాకుండా ఎక్కువ మోతాదులు పట్టే పెద్ద వయల్స్‌లో కొనిపించండి. రాష్ట్రానికి మందులు కొనే సంస్థ ఒకటే కాబట్టి ఇండెంట్‌లో ఒక వరుస మారిస్తే చాలు. దాంతో పాటు రాత్రి డ్యూటీలో ఈ కేసు వచ్చినప్పుడు సిరంజిలు నింపడానికే రెండో మనిషి మంచం దగ్గర ఉండాలన్నది నియమం చేయండి.

ఇక అంతరాయాల సంగతి. అట్రోపిన్ వేసే ఆ పావుగంటలో డాక్టరు భుజం తట్టేవాళ్లు ఎంతమందో చెబితే మీరు నమ్మరేమో. ఓపీ చీటీ మీద సంతకం కావాలని అటెండరు, కేసు అప్పగించినట్టు రాసివ్వమని 108 టెక్నీషియన్, నిన్నటి గొడవలో తగిలిన దెబ్బకు వూండ్ సర్టిఫికెట్ కావాలని ఒకాయన, స్కాన్ రిపోర్టు చూడమని ఒకావిడ, ఫలానా వారి మనిషి వస్తున్నాడు కాస్త చూడండని ఫోను. ఒక్కొక్కరిదీ అరనిమిషం పనే. కానీ ఆ అరనిమిషం నుంచి తిరిగొచ్చాక చివరి మోతాదు ఎప్పుడు వేశామో మళ్లీ గుర్తు చేసుకోవాలి. సిడ్నీలో ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో పరిశోధకులు డాక్టర్ల వెంటే తిరుగుతూ గడియారం పట్టి లెక్కగట్టారు. 2010లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం డాక్టరు పనికి గంటకు ఆరుసార్లకు పైగా అడ్డం పడింది. అలా మధ్యలో ఆగిన పనుల్లో నూటికి 18 వంతులకు డాక్టర్లు మళ్లీ తిరిగి వెళ్లనేలేదు. అంతమంది సిబ్బంది ఉన్నచోటే అలా ఉంటే, ఒక డాక్టరు, ఒకరిద్దరు సిస్టర్లతో నడిచే హాలు సంగతి వేరే చెప్పాలా!

వీటిలో సగం అంతరాయాలు కాగితానివే. వాటిలో పెద్దది ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు రాత. దెబ్బలాట, రోడ్డు ప్రమాదం, పురుగుల మందు, కాలిన గాయాలు, ఏదైనా సరే రిజిస్టరులో ఎక్కించాలి. ఎవరు తెచ్చారు, ఎన్నింటికి, ఒంటి మీద మచ్చలేమిటి, గాయం పొడవెంత, లోతెంత, అన్నీ రాసి పోలీసు ఔట్‌పోస్టుకు ఇంటిమేషన్ పంపాలి. అది న్యాయానికి అవసరమైన పనే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ వైద్యం ముందా, రాత ముందా అన్న విషయం ఎప్పుడో తేలిపోయింది. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రమాదంలో గాయపడ్డ ఒక స్కూటరిస్టును, మెడికో లీగల్ కేసులు తీసుకోవడానికి మాకు అనుమతి లేదంటూ ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఆసుపత్రికి పంపితే దారిలోనే ప్రాణం పోయింది. ఆ వార్త మీద వేసిన వ్యాజ్యం అది. ప్రాణం కాపాడడమే డాక్టరు మొదటి విధి, ఏ లాంఛనమూ దానికి అడ్డు రాకూడదన్నది తీర్పు. ముప్పై అయిదేళ్లు దాటినా ఆ తీర్పు సంగతి తెలియని ఔట్‌పోస్టులున్నాయి. బంధువులు కూడా అంతే, పోలీసు వచ్చేదాకా డాక్టరు ముట్టుకోడని అనుకుంటారు.

పోలీసు కేసన్న భయం మా ప్రాంతంలో ప్రాణాల మీదికే తెస్తోంది. పురుగుల మందు తాగిన మనిషిని తెచ్చి, అన్నం సరిపడక వాంతులయ్యాయంటారు. సీసా చూపించరు. ఏ మందో చెప్పరు. కేసవుతుందని, ఊళ్లో తల ఎత్తుకోలేమని. కానీ చట్టం మారి చాలా కాలమైంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలనీ అతన్ని శిక్షించరాదనీ చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకోవడానికి అలా చేస్తే తప్ప నేరం కాదు. ఈ లేఖ చదివే మా మండలం వాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. మందు సీసా కవర్లో పెట్టి వెంట తీసుకురండి. సీసా మీద పేరు కనిపిస్తే పది నిమిషాల ఆలోచన మిగులుతుంది. పారాక్వాట్ అయితే ఒక దారి, మోనోక్రోటోఫాస్ అయితే ఇంకో దారి. రెండింటికీ ఒకటే వైద్యం చేస్తే ప్రమాదం.

మంత్రి గారూ, రాత్రిపూట క్యాజువాలిటీకి రాసే మనిషిని ఇవ్వండి. మెడికో లీగల్ పదాలు తెలిసి, డాక్టరు నోటితో చెబుతుంటే కంప్యూటరులో ఎక్కించి, ఇంటిమేషన్ ఫోనులో పంపి, చివర సంతకానికి మాత్రం డాక్టరు దగ్గరికి వచ్చే మనిషి. వూండ్ సర్టిఫికెట్లకు, పాత రిపోర్టులకు పగటిపూట వేరే కౌంటరు పెట్టించండి. ఇంతకన్నా చవకగా ఒక డాక్టరు సమయం కొనే మార్గం నాకు తెలియదు.

తర్వాత గుమ్మం దగ్గరి సంగతి. వచ్చిన వరుసలో చూడడం న్యాయంగా కనిపిస్తుంది. క్యాజువాలిటీలో అదే అన్యాయం. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు లారే, సైనికుడా సేనాధిపతా అని చూడకుండా గాయం తీవ్రతను బట్టే ముందు ఎవరిని చూడాలో తేల్చేవాడు. రెండు వందల ఏళ్లు దాటిన ఆ పద్ధతే ఇవాళ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుగా ప్రపంచమంతా నడుస్తోంది. మన దగ్గరా పెద్దాసుపత్రుల్లో గోడ మీద రంగుల బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కింద నిలబడి ప్రతి రోగినీ చూసే సిస్టర్ ఉండాలి కదా! ఆమె మాట చెల్లాలి కూడా.

ఎందుకంటే అరిచేవాడు సాధారణంగా బతికే ఉంటాడు. భయమంతా మెదలకుండా కూర్చున్నవాడి గురించే. కట్లపాము సంగతే తీసుకోండి. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండదు. వాపు ఉండదు. గాటు కూడా చాలాసార్లు కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. ఆసుపత్రికి వచ్చి బెంచీ మీద ఒక పక్కన కూర్చుంటాడు. కళ్లు వాలిపోతుంటే నిద్ర సరిపోలేదనుకుంటారు. పక్కనే తలకు చిన్న గాయమై రక్తం కారుతున్నవాడి చుట్టూ పదిమంది బంధువులు గోల చేస్తుంటారు. ముందుగా లోపలికి వెళ్లేది ఆ గాయమే. గంటలో బెంచీ మీద మనిషికి ఊపిరి ఆగుతుంది. గుమ్మంలో ఉన్న సిస్టర్ ఆ వాలిన రెప్పలు చూసి, తల ఎత్తమని, నాలుక చాపమని, వేలితో చూపించినవైపు చూడమని అడిగితే చాలు. మిర్చి కల్లంలో తాలుకాయను ఒక్క చూపులో ఏరే ఆడకూలీ కన్నులాంటిది అనుభవమున్న సిస్టర్ కన్ను. ఆ కన్నును ఇంజెక్షన్ గదిలో కూర్చోబెట్టి, గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డును నిలబెడుతున్నాం.

సిఫారసు ఫోన్లకు కూడా గుమ్మంలోనే ఆనకట్ట వేయాలి. ఎవరు చెప్పినా రంగు మారదని మీరు బహిరంగంగా ఒక్క మాట అంటే, మేం వందసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ పని చేస్తుంది.

రక్తపింజర కాటుతో ఎవరైనా వస్తే పని తీరు ఇంకోలా ఉంటుంది. అక్కడ ఇరవై నిమిషాల పరీక్ష ఉంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా నిలబెట్టాలి. ఇరవై నిమిషాల తర్వాత వంచితే గడ్డకట్టకుండా పారితే విషం రక్తానికి ఎక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. సబ్బుపొడితో కడిగిన గాజు గొట్టమూ తప్పు చెబుతుంది. లక్షల రూపాయల ల్యాబు లేకపోయినా పీహెచ్‌సీలో సైతం చేయదగిన పరీక్ష. నాలుగు కొత్త గాజు గొట్టాలు పక్కన ఉంటే చాలు, చాలాచోట్ల లేనివి అవే. చేయి తిరిగిన క్యాజువాలిటీ డాక్టరు ఆ ఇరవై నిమిషాలు ఊరికే నిలబడడు. కేసులోకి అడుగుపెట్టగానే ముందు రక్తం గొట్టంలోకి తీయిస్తాడు, ఆ తర్వాతే వివరాలు అడుగుతాడు. గొట్టం నిలబడి ఉన్నంతసేపు పక్క మంచం చూస్తాడు, అడ్రినలిన్ సిరంజి పక్కన పెట్టించుకుంటాడు, బంధువులతో మాట్లాడతాడు. విషానికి విరుగుడు పొడి రూపంలో వస్తుంది. మొదటి మోతాదు పది వయల్స్, పెద్దవాళ్లకైనా పిల్లలకైనా అంతే. ఒక్కోదాంట్లో నీళ్లు పోసి, నురగ రాకుండా చేతిలో మెల్లగా తిప్పుతూ కరిగించాలి. ఊపకూడదు. పది వయల్స్ అలా కరగడానికి ఒక మనిషికి ఎంతసేపు పడుతుందో, ఇద్దరుంటే ఎంతసేపో మీరే ఊహించండి. మళ్లీ అదే ప్రశ్న, ఆ చేతులు ఎవరివి కావాలి? దేశంలో పాముకాటు చావులను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరేది ఈ పది వయల్స్ దగ్గరే.

ఇప్పుడు జనానికి అసలు కనపడని కారణం చెప్పాలి. క్యాజువాలిటీ నిండిపోవడానికి చిన్నచిన్న జబ్బులతో వచ్చేవాళ్లే కారణమని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. జలుబుతో వచ్చినవాడు ఐదు నిమిషాల్లో వెళ్లిపోతాడు, అతనికి మంచం అక్కర్లేదు. మంచాలు నింపేది వైద్యం అయిపోయినా పైన వార్డులో ఖాళీ లేక మా దగ్గరే ఉండిపోయినవాళ్లు. చాలా దేశాల్లో అత్యవసర విభాగాల రద్దీకి పెద్ద కారణం ఇదేనని తేలింది. లోపలికి వచ్చేదారి కన్నా బయటికి పోయేదారి ఇరుకు. వార్డులో డిశ్చార్జి సంతకాలు మధ్యాహ్నం దాటాకే అవుతాయి. ఎన్టీఆర్ వైద్య సేవ అప్రూవల్ రాలేదనో, ఫొటో తీయలేదనో రోగి సాయంత్రం దాకా మంచం మీదే ఉంటాడు. ఆ మంచం కోసం మా దగ్గర ముసలాయన ఉదయం నుంచి స్ట్రెచర్ మీద ఉంటాడు. స్ట్రెచర్లు అయిపోతే 108 వాళ్ల స్ట్రెచరే వాడుకోవాలి. అది తిరిగిచ్చేదాకా ఆ బండి మా పోర్టికోలో నిలబడి ఉంటుంది. అప్పుడు నూజెండ్లలో ఎవరికో గుండెనొప్పి వచ్చి ఫోను చేస్తే దగ్గర్లో బండి లేదంటారు. వార్డులో ఆలస్యంగా పడ్డ సంతకానికీ మా ఊళ్లో రాని బండికీ మధ్య ఇంత సూటి సంబంధం ఉంది. డిశ్చార్జీలు ఉదయం పది గంటల్లోపు పూర్తి కావాలని, వైద్యం అయిన రోగిని రెండు గంటల్లో వార్డు తీసుకుని తీరాలని, వరండాలో మంచం వేసైనా సరే, సూపరింటెండెంట్లకు ఆదేశమివ్వండి. క్యాజువాలిటీ డాక్టరు ఎంత పరుగెత్తినా ఈ తలుపు తెరవలేడు.

రెఫరల్ కూడా ఇలాంటిదే. కింది ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు పై ఆసుపత్రికి ఒక్క ఫోను చేస్తే వెంటిలేటర్ ఉందో లేదో ముందే తెలుస్తుంది. చీటీ మీద ‘పాయిజన్, రెఫర్డ్’ అని రెండు మాటలు రాసి పంపితే ఇక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఏ మందు, ఎన్నింటికి తాగాడు, అట్రోపిన్ ఎంత వేశారు, చివరిది ఎప్పుడు, ఈ నాలుగు ఉంటే చాలు.

గుండెనొప్పి గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే అక్కడ దారి కొంత పడింది. మా వైపు దాన్ని గ్యాస్ అంటారు. సోడా తాగి, జీలకర్ర నమిలి, రెండు గంటలు చూసి వస్తారు. గుమ్మంలోకి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, పెద్ద నరం మూసుకుపోయిందని తేలితే అరగంటలో గడ్డ కరిగించే మందు పడాలి. 2023లో మన రాష్ట్రంలో గుండెపోటు రోగుల కోసం స్టెమీ కార్యక్రమం మొదలై, గడ్డ కరిగించే, పదుల వేల రూపాయల ఖరీదు చేసే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతోంది. నిజంగా గొప్ప పని. అయితే ఈసీజీ తీసే టెక్నీషియన్ రాత్రి ఉండాలి, తీసిన కాగితం వెంటనే డాక్టరు చేతికి రావాలి. నలభై ఏళ్లు దాటిన మనిషి రొమ్ము ఎముక కింద మంట అంటే, డాక్టరును అడగకుండానే గుమ్మంలో సిస్టర్ ఈసీజీ తీయించే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇవన్నీ అడిగాక మా వంతు కూడా చెప్పడం ధర్మం. క్యాజువాలిటీలో కొత్తగా చేరే హౌస్‌సర్జన్లకు నేను నేర్పేది మందుల పేర్లు కాదు, అవి వాళ్లకు వచ్చు. రోగిని చూసిన మొదటి నిమిషంలోనే ఇతను చివరికి ఎక్కడికి వెళతాడు అని ఆలోచించమంటాను. ఇంటికా, వార్డుకా, ఐసీయూకా, గుంటూరుకా. అది అనుకుంటే ఏ పరీక్షలు అవసరమో, ఏవి అనవసరమో అవే తేలతాయి. పంపాల్సినవాడికి పది పరీక్షలు చేయిస్తూ కూర్చోం. కేస్ షీట్ మంచం దగ్గరే రాయాలి. టేబుల్ దగ్గరికి వెళ్లి ఐదుగురివి ఒకేసారి రాద్దామనుకుంటే మూడో మనిషి బీపీ రెండో మనిషి కాగితంలో పడుతుంది. చేతిలో ఉన్న కేసులకు దారి చూపకుండా కొత్త కేసు తెరవకూడదు, ఎర్ర రంగు వస్తే తప్ప. డ్యూటీ మారేటప్పుడు రిజిస్టరు చూపించి వెళ్లిపోకుండా, మంచం మంచం దగ్గరా నిలబడి ఏం జరిగింది, ఏం మిగిలింది, ఏది చూసి భయపడాలి అన్నది నోటితో అప్పగించాలి.

బంధువులతో మాట్లాడడం వేరే పనని, సమయం ఉంటే చేయొచ్చని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో వైద్యాన్ని అంతగా వేగిరపరిచేది ఇంకోటి లేదు. మొదటి పది నిమిషాల్లోనే వాళ్లలో ఒక పెద్దమనిషిని పిలిచి, అయ్యా మీవాడి పరిస్థితి ఇదీ, ఇప్పుడు ఇది చేస్తున్నాం, అరగంటకు మళ్లీ నేనే వచ్చి చెబుతానని రెండు నిమిషాలు చెబితే, మిగతా తొమ్మిది మంది లోపలికి రారు. చెప్పిన అరగంటకు వెళ్లి తీరాలి. వైద్య సిబ్బంది మీద దాడులను నివారించడానికి 2008లో మన రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టం కావాలి. కానీ అర్ధరాత్రి క్యాజువాలిటీలో మమ్మల్ని ముందుగా కాపాడేది ఆ రెండు నిమిషాల మాటే. ఆ మాట చెప్పే తీరిక ఉండాలంటే యాంప్యూళ్లు ఇంకొకరు విరవాలి.

అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా భారత వైద్య మండలి గుర్తించింది 2009లో మాత్రమే. కాబట్టి ఈ శాస్త్రం మన దగ్గర వయసులో చిన్నది. ఆ కోర్సు చదివినవాళ్లు చాలామంది నగరాల్లో కార్పొరేట్ ఆసుపత్రులకు వెళ్లిపోతున్నారు. పల్నాటికి వాళ్లు వచ్చేదాకా ఈ హాళ్లు నడిపేది ఎంబీబీఎస్ చదివిన కుర్ర డాక్టర్లే, సిస్టర్లే. వాళ్లకు ఆరు నెలలకోసారి రెండు రోజుల శిక్షణ, బొమ్మ మీద కాకుండా మా పని చోటే, మా మందుల ట్రేతోనే ఏర్పాటు చేయించండి. కొత్త భవనం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

పత్తి, మిర్చి మీద పిచికారీలు ముమ్మరమయ్యేదీ, వానలకు పాములు ఇళ్లలోకొచ్చేదీ ఆగస్టు నుంచే. అందుకని ఉత్తర్వు జూలై నెలాఖరులోపు రావాలని కోరుతున్నాను. పెద్ద వయల్స్, గాజు గొట్టాలు, రాత్రి రాసే మనిషి, గుమ్మంలో సిస్టర్, పది గంటల్లోపు డిశ్చార్జీలు, ఇవి ఒక్క పేజీలో పడతాయి. ముందు పల్నాడు జిల్లాలో మొదలుపెట్టి, మందు తాగి వచ్చినవాళ్లకు అట్రోపిన్ సరిపడా పట్టడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో నెలనెలా అడగండి. ఉత్తర్వు ప్రతి ఒకటి ప్రతి క్యాజువాలిటీ గోడకు అంటించాలని కూడా అందులోనే రాయించండి. అర్ధరాత్రి సిఫారసు ఫోను వచ్చినప్పుడు, వార్డు వాళ్లు మంచం లేదన్నప్పుడు మా సిస్టర్లు వేలు పెట్టి చూపించడానికి ఆ కాగితం కావాలి.

ఇట్లు,
నూజెండ్ల మండలానికి చెందిన
ఒక క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరు